ఇంటి కుండ గుల్లలు

లజ్హర్ కాలు తడవకుండా కాలుష్యం కొలిచే మనిషి. ప్రభుత్వ ప్రయోగశాల నుంచి ఏటా వసంతంలో జబూరా తీరానికి వస్తాడు. తీరంలో గుల్లలేరుకుని బతికే మబ్రూకా పరిచిన చాప మీద కూర్చుని, ఆవిడ వండిన గోధుమరవ్వ కుస్కుస్ తిని, పుదీనా టీ తాగి, ఆవిడ ఇచ్చిన గుల్లల సంచి పట్టుకుని పోతాడు. తొమ్మిదేళ్లుగా అదే వరస. సంచి ఆవిడది, సంతకం ఆయనది.

అక్కడి గుల్లలేరే ఆడవాళ్లకొక పద్ధతి ఉంది. మేలైనవి అతిథికి, పెద్దవి వ్యాపారికి, మిగిలినవి ఇంటి కుండకి. అందుకని మబ్రూకా ఏటా సముద్రం వెనక్కి తగ్గిన వేళ గంటసేపు బురదలో నడిచి, దూరపు ఇసుక తిన్నె మీద కొడవలితో తవ్వి, కోడిగుడ్డంత గుల్లలు ఏరేది. ఒక పూటంతా తేట ఉప్పునీళ్లలో ఉంచి ఇసుక కక్కించేది. పెళ్లిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు చేసి మరీ లజ్హర్ చేతిలో పెట్టేది. ఇంటి కుండలోకి మాత్రం ఊరి పక్కనే దొరికే చిన్నవి వెళ్లేవి. అక్కడ పాత ట్రాన్స్‌ఫార్మర్లు విప్పే ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలోకి నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ చిన్నవాటిని నాలుగేళ్ల మనవరాలు రిబహ్ లొట్టలేసుకుని తినేది.

ఈ ఏడు రేవు గోడ మీద ఒక కాగితం అంటించారు. ఆడపడుచు హెదియా చదివింది.

"గొట్టం నోటి దగ్గర తీసిన గుల్లల నమూనాల్లో తొమ్మిదేళ్లుగా ఫ్యాక్టరీ నూనెలోని మొండి రసాయనాలు పరిమితిలోనే ఉన్నాయట వదినా. ఈసారీ అంతే ఉంటే రెండో గొట్టం వేసుకోవచ్చట."

"ఎక్కడ తీసినవి?"

"గొట్టం నోటి దగ్గర."

మబ్రూకా ఆ ముక్క మూడుసార్లు చదివించుకుంది. నమూనా అట. నమ్మునా ఎవడైనా? దూరపు తిన్నె నుంచి తెచ్చిన తన చేతి మర్యాదని తీసుకెళ్లి ఫ్యాక్టరీవాడి మురికికి ముసుగు కుట్టారు. ఒళ్లు మండిపోయింది. లజ్హర్ మీద ఎంత మండిందో, తన మీద తనకీ అంతే మండింది.

మర్నాడు లజ్హర్ వచ్చాడు. ఆవిడ చాప వెయ్యలేదు. ఇంటి కుండ తెచ్చి ముందు పెట్టింది.

"ఇవేంటి పిన్నీ, వేలి గోరంత ఉన్నాయి? పాత చోటువి లేవా?"

"పాత చోటంటే ఏదయ్యా? నువ్వు రాసిన చోటా, నేను నడిచిన చోటా?"

లజ్హర్ టోపీ సర్దుకున్నాడు. "అక్కడ మోకాటి లోతు బురద పిన్నీ. ఎవరు దిగుతారు?"

"నా మనవరాలు దిగుతుంది. దాని చెప్పులు కూడా బురదలోనే పోయాయి. నీ బూట్లు మాత్రం పెళ్లికొడుకులా ఉన్నాయే."

"రసాయనం ఏదో కొంచెం ఉంటుందిలే..."

"ఉంటే ఇసుకలాగా కక్కిస్తా. ఎన్ని పూటలు నానబెట్టాలో చెప్పు."

అతను కుండలోంచి ఒక గుల్ల తీసి చూశాడు. "ఇసుక కక్కుతుంది పిన్నీ. ఇది కక్కదు. కొవ్వులో చేరి కూర్చుంటుంది. ఏళ్లకేళ్లు పోదు."

"పిల్ల ఒంట్లోంచి?"

లజ్హర్ వెనక్కి తిరగబోయాడు. మబ్రూకా అతని చొక్కా కాలరు పట్టుకుంది.

"తొమ్మిదేళ్లు నా అన్నం తిని, ఈ మాట ఇవాళ చెప్తున్నావట్రా?"

హెదియా అడ్డం వచ్చింది. "ఆగు వదినా. అక్కడివి పరీక్షకి పోతే సముద్రం మూసేస్తారు. చిప్పలేరుకునే నలభై మంది చేతికి చిప్పే మిగులుతుంది. నా పొయ్యి ఆర్పకు."

"ఆ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో విన్నావుగా."

హెదియా మొహం తిప్పేసుకుంది. మబ్రూకా లజ్హర్ బూట్లు విప్పించి గొట్టం దాకా నడిపించింది. మోకాళ్ల దాకా దిగబడినా వదల్లేదు. అతని చేత్తోనే తవ్వించి, అతని చేత్తోనే ఆ చోటు పేరుతో చీటీ రాయించి, సంచికి మూడు ముళ్లు వేయించింది.

మూడు వారాలకి గోడ మీద కొత్త కాగితం వచ్చింది. రసాయనం పరిమితికి ఆరింతలుంది. రెండో గొట్టానికి అనుమతి లేదు. గుల్లలు ఏరడం నేటి నుంచి నిషేధం. మొదటి గొట్టం సంగతి పరిశీలనలో ఉంది.

"పరిశీలనలో ఉందట," అంది హెదియా. "మన బతుకు ఇవాళే మూశారు. వాడి గొట్టాన్ని కూర్చుని చూస్తారట. నీ నిజం మన పొట్టే కొట్టింది వదినా."

మబ్రూకా తల దించుకోలేదు. ఇంట్లోకి పోయి ఖాళీ గోనె సంచులు భుజాన వేసుకొచ్చింది. సముద్రం తగ్గిన ఆటు వేళ గొట్టం దగ్గరికి పోయి, బురద తవ్వి మొదటి సంచి నింపింది. ఫ్యాక్టరీ కాపలావాడు గట్టు మీంచి అరిచాడు.

"అక్కడ నిషేధం, కాగితం చూళ్లేదా?"

"ఏరడం నిషేధం. నేను ఏరుతున్నానా?"

ఆవిడ సంచిని ఈడ్చుకెళ్లి గొట్టం నోట్లో కుక్కింది. నూనె నీళ్లు మొహం మీద చిమ్మాయి. కొంగుతో తుడుచుకుని రెండో సంచి మూతి తెరిచింది. ఒక్క చేత్తో సంచి పట్టుకుని ఇంకో చేత్తో నింపడం కుదరడం లేదు. వెనకనుంచి ఎవరో వచ్చి సంచి అంచు పట్టుకున్నారు. హెదియా. ఇంకా కోపంగానే ఉంది.

"సరిగ్గా తవ్వు," అంది. "సగం సంచులతో ఈ నోరు మూతపడదు."

గట్టు మీద మిగతా ఆడవాళ్లు చెప్పులు విప్పుతున్నారు.