సరిపోలేదన్న మాట

తమ్ముడి కాలేయం పూర్తిగా చెడిపోయిందనీ, దగ్గరివాళ్ళెవరైనా తమదాంట్లో ఒక ముక్క ఇస్తేనే బతుకుతాడనీ తెలిసిన రోజునే అక్క సరేనంది. ఆమెది కుట్టుపని. దుకాణానికి తాళం వేసి చెప్పిన పరీక్షలన్నీ చేయించుకుంది. "మీరు నిక్షేపంలా ఉన్నారు" అని స్కానింగు చేసినావిడ నవ్వుతూ చెప్పింది కూడా. తీరా అన్నీ అయ్యాక పెద్ద డాక్టరు అందర్నీ పిలిచి, "అక్కగారిది సరిపోలేదండీ" అన్నాడు. అంటూ ఆమె మొహం మాత్రం చూడలేదు.

లిఫ్టు దగ్గర మరదలు గోడతో మాట్లాడుతున్నట్టుగా అంది. "ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళని డాక్టర్లే ఏదో వంక పెట్టి తప్పిస్తారట."

అక్కకు ఒళ్ళు మండింది. "నేను తప్పించుకున్నానంటావా?"

"నేనలా అన్నానా వదినా? గుమ్మడికాయల దొంగంటే మీరే భుజాలు తడుముకుంటున్నారు."

దాంతో అక్కకు చేతిలో పని నిలవలేదు. ఎవరిదో చొక్కాకి కాలరు తిరగేసి కుట్టింది. తనకే ఏదో పెద్దరోగం ఉంటే దాస్తున్నారా? లేక ఆడపడుచు రుణం మనకొద్దని మరదలే డాక్టరుతో చెప్పి, నింద తన మీదికి తోస్తోందా? పోనీ ఆ డాక్టరే ఎవరికైనా అమ్ముడుపోయాడా? ఎవర్ని తలుచుకున్నా పాములాగే కనబడ్డారు. ఉండబట్టలేక మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది.

"నాకేమైనా జబ్బుందా?"

"లేదమ్మా."

"మరి సరిపోనిదేంటి?"

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఒకరు నాతో చెప్పుకున్న మాట ఇంకొకరికి చెప్పకూడదు. మీరు వద్దనలేదు, అది నాకు తెలుసు. మీ మీద పెట్టి చెప్పడం నాదే తప్పు."

మెట్లు దిగుతుంటే ఆమెకు తట్టింది. ఈగ వాలినా ఎందుకు వాలావని అడిగే తమ్ముడు, ఇంత జరిగితే ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

తిన్నగా వాళ్ళింటికి వెళ్ళింది. పచ్చబడ్డ కళ్ళతో, ఉబ్బిన పాదాలు స్టూలు మీద పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నాడు.

"నువ్వేగా డాక్టరుకి చెప్పింది?"

"ఏం చెప్పాను?"

"నా మొహం చూసి అనరా ఆ మాట."

అతను చూడలేకపోయాడు. "మానేశానని ఒట్టేశాక కూడా తాగానక్కా. నీ పొట్ట కోయించి, ఆ ముక్కనీ తగలేస్తే? అందుకే నీది సరిపోలేదని చెప్పమని ఆయన కాళ్ళు పట్టుకున్నా."

"నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు గానీ నన్ను దొంగని చెయ్యడానికి చాలిందా? ఇవ్వడం నా ఇష్టం, పుచ్చుకోవడం నీ ఇష్టం. వద్దంటే వద్దను. నీ తాగుడు మాత్రం నా నెత్తిన రుద్దకు. మీ ఆవిణ్ణి పిలు."

పిలిచాడు. చెప్పాడు. మరదలు చేతిలో గరిటెతో అలాగే నిలబడి విన్నది. ఏడవలేదు. కుర్చీ లాగి, "కూర్చోండి వదినా" అంది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఎక్కడ దాచారు?"

వాషింగ్ మెషిన్ వెనకాల అన్నాడు. సీసా దొరికింది. సింకులో పోసేసింది.

"ఇంకెక్కడ?"

"ఇంకెక్కడా లేదు."

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ కలిసి ఇల్లంతా గాలించారు. చెప్పుల అరలో, వానాకాలపు బూటు లోపల, ఇంకోటి దొరికింది.

డాక్టరు మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. నెలల తరబడి రక్తపరీక్షలు, తాగుడు మాన్పించే వైద్యుడి దగ్గర కూర్చోబెట్టడాలు. ఈసారి దాచడాలేవీ లేకుండా, అందరి ఎదుటా అడిగాడు. అక్క మళ్ళీ సరేనంది. తమ్ముడూ తలూపాడు. ఆపరేషన్ అయింది. ఇద్దరూ కోలుకున్నారు.

ఇప్పటికీ అతను అక్క దుకాణానికి వస్తే ఆమె మిషను ఆపి లేచి దగ్గరికి వెళుతుంది.

"ఇంకా నమ్మకం లేదా అక్కా?"

"నమ్మకం ఉందిలే. ముందు నోరు తెరు."