కొట్టం దిక్కు పోని ఆటలు

"చెడుగుడు లేకుంటే అదేం ఆటలే? పేలు చూసుకున్నట్టుంటది," అంది హనుమమ్మ, చేటలో జొన్నలు చెరుగుతూనే.

"ఉండనియ్యి అత్తా. తొక్కుడుబిళ్ల పెడదాం. గోటీలు పెడదాం. నెమ్మదిగ ఆడేటివి బోలెడున్నయి."

"నెమ్మదిగ ఆడేటందుకు నేను మొక్కలే. పోరగాండ్లు ఉరకాలె, కిందవడాలె, మోకాళ్లు చెక్కుకోవాలె. యాదగిరి నర్సింహస్వామికి నేను మొక్కింది గట్ల."

"జర మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే అంటున్న. నీకే అంతా గట్టిగ వినవడుతున్నది ఈ మధ్య."

పొద్దటి నుంచి అత్తాకోడళ్ల మధ్య ఇదే నడుస్తోంది. సావిత్రమ్మ పొయ్యి దగ్గర నుంచి ఒక మాట అంటుంది, హనుమమ్మ అరుగు మీద నుంచి రెండంటుంది. మధ్యలో సావిత్రమ్మ భర్త రఘుపతి వచ్చి తలపాగా చుట్టుకుని, ఎవరి పక్షమూ పట్టకుండా బావి దిక్కు వెళ్లిపోయాడు.

సావిత్రమ్మకు వరుసగా ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయాక యాదమ్మ దక్కింది. ఈ పిల్ల బతికితే ఏటా పుట్టినరోజుకు ఊళ్లో పిల్లలందరినీ ఇంటి వెనుక దొడ్లోకి పిలిచి ఆడిస్తాననీ, గెలిచిన జట్టుకు ఎండుకొబ్బరి కుడుకలూ బెల్లమూ పంచుతాననీ అవ్వ హనుమమ్మ మొక్కుకుంది. పిల్లకు ఏడేళ్లు వచ్చేదాకా మొక్కు. ఈ వైశాఖంతో అది తీరిపోతుంది. ఎల్లుండే పుట్టినరోజు. ఏటా ఈ రోజు కోసం ఊళ్లో పిల్లలు కాచుకుని కూర్చుంటారు. కిందటేడు రజాకార్లు పక్క ఊరిని తగలబెట్టిన వారంలో కూడా ఈ ఆటలు ఆగలేదు.

కాని ఈసారి దొడ్లో సాయిలు ఉన్నాడు.

సాయిలు రఘుపతి తమ్ముడు. రజాకార్ల మీదికి లేచిన దళంలో చేరి వెళ్లిపోయాడు. మిలట్రీ వచ్చి రజాకార్లను అణిచాక ఇక ఇంటికి వస్తాడనుకున్నారు. అతని దళం తుపాకులు దించలేదు. ఇప్పుడు అదే మిలట్రీ అతని కోసం వెతుకుతోంది. దేవరకొండ అవతలి గుట్టల్లో చలిజ్వరం పట్టి, నడవలేక, ఉగాదికి ముందు ఒక తెల్లవారుజామున ఎముకల గూడులా వచ్చి గుమ్మంలో పడ్డాడు. అప్పటికే ఊరి బడిలో మిలట్రీ క్యాంపు పెట్టారు. ఎక్కడ దాచాలో తోచక జొన్న పాతరలో దాచారు.

నేలలో తవ్విన పాతర లోపల కుండలా ఉంటుంది. మూతి సన్నం, కడుపు పెద్దది. వీళ్ల పాతర మూతి కొట్టంలో ఎడ్లకు గడ్డి వేసే మూల ఉంది. కడుపు మాత్రం గోడ కింది నుంచి దొడ్లోకి సగం దాకా విస్తరించి ఉంది. కోతలయ్యాక ఊళ్లో అందరూ పాతర్లు నింపి మూతులు అలికారు. వీళ్లూ అందరూ చూస్తుండగా రెండు బండ్ల జొన్నలు కొట్టంలోకి దించారు. ఆ జొన్నలు తరవాత మెల్లగా ఇంట్లోని గుమ్ముల్లోకి చేరాయి. పాతర ఖాళీ.

నిండిన పాతర మీద ఏనుగు నడిచినా చప్పుడు రాదు. ఖాళీ పాతర మీద పిల్లవాడు గెంతినా డప్పులా మోగుతుంది. ఆ తేడా ఈ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. చెడుగుడు వద్దని సావిత్రమ్మ పట్టుబట్టింది అందుకే.

ఇంకో బాధ కూడా ఉంది. బయటివాళ్లు వచ్చినప్పుడు మూతి మీద బండ వేసి గడ్డి కప్పాలి. బండ వేస్తే లోపల గాలి ఆడదు. పాతరలోకి దిగే ముందు దీపం దించి చూడటం అందరూ చేసేదే. సాయిలు దీపం పెట్టుకుని చూశాడు. బండ వేశాక, పొయ్యి మీద గటక ఉడికేలోగా ఒత్తి మినుకుమినుకుమంది. ఆటలేమో పొద్దు వంగినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా సాగుతాయి.

"పోనీ బావి దిక్కు ఆడిపిద్దాం," అంది హనుమమ్మ చివరికి, చేట కింద పెట్టి. "గటు దిక్కు నేల గట్టిదే."

"పిల్లలు గీతల్లోపలే ఆడుతరా అత్తా?"

ముసలమ్మ మళ్లీ చేట అందుకుంది.

ఎండ కాస్త తగ్గాక పోలీసు పటేలు భార్య అరుణమ్మ వచ్చింది. ఆమె ఎప్పుడూ చెప్పాపెట్టకుండానే వస్తుంది. రావడంతోనే అరుగు మీద కాళ్లు బార్లా చాపి కూర్చుంది.

"ఏం సావిత్రీ, కుడుకలు తెప్పించినవా? నిరుడు చిన్నయి పెట్టిండ్రని మావోడు ఏడాదంత సతాయించిండు."

"తెప్పించినం పటేలమ్మా. నార్కట్‌పల్లి అంగట్ల కొన్నం."

"మావోడు అప్పుడే జట్టు కట్టిండు. అన్నం తింటలేడు, ఇంట్ల కూత తీసుకుంట తిరుగుతున్నడు. అన్నట్టు ఇంకో ముచ్చట. క్యాంపుల జమేదారు లేడూ, పెద్ద మీసాలాయన. ఆయన గూడ వస్తడట."

సావిత్రమ్మ మజ్జిగ చెంబు అందిస్తూ ఆగిపోయింది. "ఎక్కడికి?"

"ఎక్కడికేందే, మీ దొడ్లెకు. వాళ్ల దేశంల గూడ చెడుగుడు ఆడుతరట. మా ఆయన మాటల్ల చెప్పిండు, పిల్లలు ఆడుతరని. ఎంతో సంబురపడ్డడట. సీటీ ఊదుత, తగాదా తీరుస్త అన్నడట. వద్దంటె బాగుంటదా?"

"వద్దని ఎందుకంటం," అంది హనుమమ్మ లోపల నుంచి. గొంతు మామూలుగానే ఉంది. ఆమె చేతిలోని చీపురు మాత్రం ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది.

అరుణమ్మ మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, కొట్టం దిక్కు ఒకసారి చూసింది. "ఎడ్లు బాగ బలిసినయే. గడ్డి దండిగున్నట్టుంది," అని లేచింది. అందులో ఏమైనా ఉందా, ఉత్త మాటేనా అని సావిత్రమ్మ చాలాసేపు తేల్చుకోలేకపోయింది.

దొడ్లోకి వెళ్లేసరికి యాదమ్మ పొయ్యిలోని బూడిద చేటలో పోసుకుని చెడుగుడుకు గీతలు గీస్తోంది. సావిత్రమ్మకు ముందు కోపం వచ్చింది. తరవాత గీతల వంక చూసింది. దొడ్డి అంతా ఖాళీగా ఉంటే, పిల్ల బావి పక్కన ఒక మూలకు నొక్కి, వంకరగా, ఇరుకుగా గీసింది. ఒక్క గీత కూడా పాతర మీదికి రాలేదు.

"గింత ఇరుకుల గీసినవేందే?"

"సాల్తదమ్మా."

"అటు దిక్కు అంత జాగుండె గదా."

యాదమ్మ బూడిద చేతిని పరికిణీకి తుడుచుకుంది.

దాగుడుమూతలు ఎలా మాన్పించాలా అని సావిత్రమ్మ వారం నుంచి సాకులు వెతుకుతోంది. ఈ పిల్లకు అన్నిట్లోకీ ఇష్టమైన ఆట అదే. నిరుడు గుమ్మిలో దూరి ఎవరికీ దొరకకుండా అక్కడే నిద్రపోయింది. ఊరంతా వెతికారు.

"మల్ల దాగుడుమూతలు ఎప్పుడాడుతరు? ముందా, ఎనకనా?" అని మెల్లగా అడిగింది.

"ఈసారి దాగుడుమూతలు లేవు."

"ఎందుకే?"

"కొట్టంల దాక్కోనికి జాగ లేదు గదమ్మా. చిన్నబాపు ఉన్నడు గదా."

సావిత్రమ్మ చుట్టూ చూసింది. గోడ మీద కాకి తప్ప ఎవరూ లేరు. కూతురి ముందు నేల మీద కూర్చుంది. సాయిలు చిన్నబాపు బొంబాయి మిల్లులో పనికి పోయాడని వాళ్లు ఈ పిల్లకు ఎన్నిసార్లు చెప్పారో.

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. దగ్గుతడు గదా. ఎడ్లు గట్ల దగ్గయి."

"ఎవరికన్న చెప్పినవా?"

"ఊహూఁ. నాకు తెల్వదా ఏంది?" అంది యాదమ్మ, కాస్త చిన్నబుచ్చుకుని. వెంటనే మొహం వెలిగింది. "గందుకే అందరికి ముందుగాల్నే చెప్పిన. కొట్టం దిక్కు ఎవ్వరు పోవద్దని. పోతె ఆటల్నుంచి తీసేస్తమని, కుడుక గూడ ఇయ్యమని."

"అందరికి అంటె?"

"అందరికి. పటేలు కొడుక్కు గూడ."

"ఏమన్నడు?"

"ఏమున్నదే గా కొట్టంల అన్నడు. ఏం లేదని నేనన్న. ఏం లేకుంటె ఎందుకు పోవద్దు అన్నడు. మల్ల నేనేం మాట్లాడలే."

పిల్ల తన తెలివికి మెచ్చుకుంటారని చూస్తోంది. సావిత్రమ్మ ఆ చిన్న బూడిద చేతిని పట్టుకుని కూర్చుంది. తిట్టడానికి నోరు రాలేదు. ఏం తప్పు చేసిందని తిట్టాలి? ఇంట్లో పెద్దలు నలుగురూ చేస్తున్న పనే అదీ చేసింది. ఎల్లుండి ఇరవై మంది పిల్లలు ఈ దొడ్లోకి వస్తారు. ప్రతి ఒక్కరి కన్నూ కొట్టం మీదే ఉంటుంది. పక్కనే జమేదారు సీటీ పట్టుకుని నిలబడతాడు. ఆయన ఈ పిల్లను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని, ఒక్క మాట నవ్వుతూ అడిగితే చాలు. సాయిలు ఒక్కడే కాదు, ఈ పిల్ల కూడా క్యాంపు మెట్లెక్కాల్సి వస్తుంది. 

దీపాలు పెట్టి తలుపు గడియ వేశాక సాయిలును పైకి తీశారు. ఇంత వేసవిలో గొంగడి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అందరూ అక్కడే ఉన్నారు. సావిత్రమ్మ అంతా చెప్పింది. జమేదారు సంగతి విని సాయిలు నవ్వబోయి దగ్గాడు.

"సీటీ ఆయన ఊదితె కూతకు నేను పోత వదినె. ఎట్లాగు దమ్ము ఆపుడు నేర్చుకున్న గదా పాతర్ల."

"పరాచికాలా నీకు?" అంది హనుమమ్మ. ఆమె కొడుకు నుదుటి మీద చెయ్యి తీయడం లేదు.

"లేదమ్మా. నేను పోత. రేపు చీకటితోనే."

"ఏ దిక్కు పోతవురా?" అన్నాడు రఘుపతి. "ఇటు చిట్యాల దాక రోడ్డు మీద నాకాలు పెట్టి అందర్ని సోదా చేస్తున్నరు. అటు గుట్టల దిక్కు పోనికి కాళ్లల్ల సత్తువ లేదు. నిన్న కొట్టం గడప దాటనికి నా భుజం పట్టుకుంటివి."

సాయిలు తల దించుకున్నాడు. అన్నం గిన్నెలు అలాగే ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు.

రఘుపతి గొంతు సవరించుకున్నాడు. "ఒకటే తొవ్వ ఉన్నది. యాదికి తల్లి పోసిందని చెప్పి గడపకు వేపమండలు కడితె? మండలు కట్టిన ఇంట్లెకు పటేలే కాదు, మిలట్రోడు గూడ అడుగు పెట్టడు. ఆటలెందుకు పెట్టలేదని అడిగెటోడు గూడ ఉండడు."

మశూచి వచ్చిన ఇంటికి వేపమండలు కడితే ఆ ఇంటి ఛాయలకు ఎవరూ పోరు. అది నిజమే. కాని హనుమమ్మ దిగ్గున లేచింది.

"నోరు కడుక్కోరా! తల్లి పేరు మీద అబద్ధమాడుతవా? ఆమె ఊకుంటదా? పిలిచినవు గదా అని నిజంగనే వస్తది. ముగ్గురు పోయినంక దక్కిన పిల్లరా అది. దాని పేరే దొరికిందా నీకు?"

  యాదమ్మ అవ్వ కొంగు పట్టుకుని, తన గురించి ఏమనుకుంటున్నారో అర్థం కాక ఒక్కొక్కరి మొహం చూస్తోంది.

సావిత్రమ్మ లేచి గిన్నెల మీద మూతలు పెట్టింది. కూతురి జుట్టు వెనక్కి దువ్వి, రవిక చేతులు కిందికి లాక్కుని, తన ముంజేతుల వంక ఒకసారి చూసుకుంది. అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు. రేపటి కూర సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"పిల్లకు గాదు, నాకు పోసింది. పొద్దుగాల మండలు నా పేరు మీద కట్టుండ్రి. తప్పయితె నా ఒంటి మీదికే రానీ అత్తా, పిల్ల జోలికి రాదు. సాయిలుకు జ్వరం దిగిందాక నేను అర్రల్నుంచి బయటికి రాను. పటేలమ్మకు నువ్వే పోయి చెప్పాలె, వాకిట్ల దూరంగ నిలవడి. ఈ ఏడు ఆటలు లేవు."