తిరునేష్ వాళ్ళ అక్షరం

హెలెనా కాకినాడ నుంచి పెర్త్‌కు మాస్టర్స్ చదవడానికి వచ్చినప్పుడు, ఆ ఊళ్ళో ఆమెకు తెలిసిన మనిషి షీనా ఒక్కతే. ఇద్దరిదీ కాకినాడలో ఒకే చర్చి. షీనా అప్పటికే అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఊరి శివారు హారిస్‌డేల్‌లో తానుంటున్న ఇంట్లోనే హెలెనాకూ గది ఇప్పించింది. హెలెనా ఆమెను నోరారా అక్కా అని పిలిచేది.

క్లాసులో హెలెనాకు దగ్గరైన అమ్మాయి తిరునేష్. చిన్నతనంలోనే తల్లితో ఇథియోపియా నుంచి వచ్చి పెర్త్‌లో స్థిరపడింది. వాళ్ళ ఇంటి భాషలో ఒక అక్షరం ఇంకా కంప్యూటర్లలోకి ఎక్కలేదని ఒకరోజు మాటల మధ్య చెప్పింది. చేత్తో రాసుకుంటారు, టైపు చేద్దామంటే ఉండదు. దానికి దగ్గరి అక్షరం వాడితే మాటకు అర్థమే మారిపోతుంది. చాపలో 'చ' ఒకలా, చిలకలో 'చ' ఒకలా పలికే హెలెనాకు ఆ బాధ ఇట్టే తెలిసింది.

లోకంలోని లిపులకు కంప్యూటర్లో చోటిచ్చే సంస్థ ఒకటుంది. కొత్త అక్షరం చేరాలంటే జనం దాన్ని నిజంగా వాడుతున్నట్టు ఆధారాలతో ప్రతిపాదన రాసి పంపాలి. హెలెనా ఆ పని నెత్తికెత్తుకుంది. ఆ చలివానల్లో శనివారం వస్తే చాలు, తిరునేష్ వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేది. తిరునేష్ తల్లి వొయ్నితు ఆ అక్షరమున్న మాటలు పలికి వినిపించేది, పాత శుభలేఖలు వెతికి తెచ్చేది, తినకుండా పంపేది కాదు. తన పేరు కూడా వేస్తారా అని ఆవిడ సిగ్గుపడుతూ అడిగితే, మొదట మీ పేరే ఉంటుందని హెలెనా మాటిచ్చింది.

రాయడం పూర్తయ్యాక అంతా షీనా చేతిలో పెట్టింది. తప్పులు దిద్ది తానే పంపుతానంది షీనా.

కొన్నాళ్ళకు తిరునేష్ ఫోన్ చేసింది. ప్రతిపాదన ఆ సంస్థ సైట్‌లో కనబడుతోందట. రాసింది షీనా ఒక్కతేనని ఉందట. వొయ్నితు చేతిరాత ఉంది, కింద మాత్రం 'స్థానిక మహిళ' అని వేశారు. "మా అమ్మ నిన్ను ఇంట్లో పిల్లలా చూసుకుంది," అని తిరునేష్ ఫోన్ పెట్టేసింది.

హెలెనా వంటగదిలోకి వెళ్ళి అడిగింది. షీనా కాదనలేదు. స్టవ్ కట్టేసి ఇటు తిరిగింది.

"నా పీహెచ్‌డీ రివ్యూ దగ్గర పడింది హెలెనా. నా పేరు మీద సొంతంగా ఏదో ఒకటి ఉండాలి. నీకింకా టైముంది కదా."

"ఆవిడ పేరైనా ఉంచొచ్చుగా అక్కా."

"ఇప్పుడు నువ్వు కంప్లెయింట్ పెడితే అక్షరం ఏళ్ళ తరబడి ఆగిపోద్ది. వాళ్ళకి కావాల్సింది అదే కదా. నీ ఇష్టం మరి."

గొంతులో తడబాటు లేదు. ఈ జవాబు ఎప్పుడో సిద్ధం చేసుకుందని హెలెనాకు అర్థమైంది.

మర్నాడు వొయ్నితుకు జరిగిందంతా చెప్పి, ఏం చెయ్యమంటే అది చేస్తానంది. ఆవిడ అక్షరాన్ని రానివ్వమంది. తిరునేష్ మాత్రం హెలెనా వైపు తల తిప్పి చూడలేదు.

ఆదివారం తెలుగు ఫెలోషిప్‌లో పాస్టరుగారు ఆ ప్రతిపాదన సంగతి చెప్పి, షీనాను నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. అంతా దేవుని కృప అంది షీనా. చెల్లి హెలెనా ప్రార్థనలు కూడా తోడయ్యాయని కలిపింది. హెలెనా పాట మధ్యలోనే లేచి బయటికొచ్చి, వానలో బస్సుకోసం నిలబడింది. నెల తిరగకుండా ఆ ఇల్లు ఖాళీ చేసింది.

మరుసటి ఏడు అక్షరం ఆమోదం పొందింది. ఇక ఆగిపోయేదేమీ లేదని, వొయ్నితు పేరు చేర్చమని హెలెనా సంస్థకు రాసింది. మార్పు కోరాల్సింది రాసినవారేనని మర్యాదగా జవాబొచ్చింది. షీనాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. తిరునేష్ తలుపు తీసి లోపలికి రమ్మంది. ఇద్దరూ సోఫా చెరో చివర కూర్చున్నారు. వొయ్నితు కాఫీ తెచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నాక హెలెనా చెప్పడం మొదలుపెట్టింది.