రాసిన మనిషి పేరు

“అంత భయమేందే నీకు? ఆ చెక్కు తీసెయ్,” అన్నాడు మా ఆయన, నేను వేసిన దోసె తుంచుకుంటూ. గ్యాసు కట్టేశానా లేదా అని రెండోసారి చూస్తే భయం, కోడులో జాగ్రత్త రాస్తే భయం. ఆయనకు తెలిసిన ధైర్యమల్లా చూడకుండా ఉండటమే.

మా ఆయన శ్రీకృష్ణ, కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపించే కెర్నెల్ అనే ప్రోగ్రాంలో నెట్‌వర్క్ భాగం రాసే ఉద్యోగి. ఆత్మకూరులో మా మేడ మీది గదే ఆయన ఆఫీసు. నేనూ ఇక్కడే బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. “ఊరికే ఉండావు గదా, కొంచెం చూసిపెట్టు” అని మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన మీటింగుల్లో తల ఊపుతాడు, కోడు నేను రాస్తాను. మా అత్త సుబ్బరత్నమ్మ ఉదయగిరి చుట్టాలకు చెప్పేది వేరు. “మావోడు పెళ్లానికి గూడా కంప్యూటర్ నేర్పిచ్చినాడు.”

ఆ చెక్కు అంటే కోడులో నేను పెట్టిన తనిఖీ, దాని సంగతి ఇది. నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న మూటలుగా పోతుంది, ఒక్కోసారి ఒక ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపుతారు. దాన్ని విప్పే ఫంక్షన్‌కు, అంటే ఆ పని చేసే కోడు ముక్కకు, లోపల మరో చుట్టు కనిపిస్తే తనను తానే మళ్లీ పిలుచుకుంటుంది. పిలిచినప్పుడల్లా సగంలో ఆపిన పనిని మెమరీలో స్టాక్ అనే చోట దాచుకోవాలి. కెర్నెల్‌లో ఆ చోటు చిన్నది, పెరగదు. ఎవరైనా కావాలని చుట్టు మీద చుట్టు చుట్టి పంపితే అది పొంగి పక్క మెమరీ మీద పడుతుంది, మిషనే కూలిపోతుంది. అందుకని లోపలికి పోయేటప్పుడు ఒక లెక్క పెంచి, హద్దు దాటితే ఆ ప్యాకెట్‌ను పారేసి, బయటికి వచ్చేటప్పుడు లెక్క తగ్గించేలా రాశాను. పొయ్యి మీద పప్పు, చేతికి పిండి, కింద అత్త పిలుపు, పైన ఈయన పిలుపు. సగంలో ఆపిన పనులంటే ఏమిటో నాకు ఒకరు నేర్పాలా?

“అన్ని చుట్లు ఎవుడు చుడతాడే?” అని తీయించాడు. ఆఫీసులో పరీక్ష చేసేవాళ్లే చుట్టారు. మిషను కూలింది. “నేను ముందే అనుకున్నా” అని మీటింగులో గంభీరంగా చెప్పి, మైకు ఆపి నావైపు తిరిగాడు. “ఆ లైన్లు ఉండాయా?”

ఇచ్చాను. కెర్నెల్ మార్పులు అందరూ చదివే మెయిల్‌లో పోతాయి. అడుగున, రాసిన మనిషి తన పేరు పెట్టి ఇది నా పనే అని ఒప్పుకోవాలి. ఆయన తన పేరు పెట్టుకున్నాడు.

“ఇది అబద్ధం గాదాండీ?”

“మొగుడూ పెళ్లాలకి వేరే వేరే పేర్లేందే? నీ పేరు జూసి వాళ్లేమన్నా హారతిస్తారా?”

పూజలో సంకల్పం చెప్పినప్పుడూ గోత్రం ఆయనదే, పేరు ఆయనదే. నేను “ధర్మపత్నీ సమేతస్య”లో కలిసిపోతాను. నేనెవరో దేవుడికి తెలియదా అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. మెయిల్ చదివేవాళ్లకు ఆ దివ్యదృష్టి ఎక్కడిది?

మరునాడు పొద్దున నేను పూజలో ఉండగా, ఆ మెయిల్‌కు కెర్నెల్ మార్పుల పరిశీలకుడి జవాబు వచ్చింది. పెరిగిన లెక్క ఎక్కడ తగ్గుతోంది, ఇలాగైతే కాసేపటికి మంచి ప్యాకెట్లు కూడా ఆగిపోవా అని. పేరుతోపాటు కోడూ తనదనిపించాలని ఈయన ఒక లైను తీసేశాడట. తగ్గించే లైను.

“పెంచేది ఉండాది గదా, మళ్లీ తగ్గిచ్చేది దండగనుకున్నా. తొందరగా రా, ఏం రాయాల్నో చెప్పు!”

“సమాధానం చెప్పుకోలేక బిడ్డ అల్లాడతా ఉంటే, నీకు పూజ ఎక్కువయిందా?” అంది అత్త.

దీపారాధన ముగించి కళ్లకద్దుకుని పైకి వెళ్లాను. తగ్గించే లైను పెట్టి, రాసిన మనిషి దగ్గర ప్రమీలారాణి అని నా పేరు రాసి, నా మెయిల్ నుంచి పంపాను.

ఆయన ముఖం పాలిపోయింది. “నా పరువేం గావాల? నా పేరు యాడుండాది?”

“పరీక్ష చేసి చూసినవాళ్ల పేరు పెట్టే లైను ఒకటుంటుంది గదండీ. మీ పేరు దాంట్లో పెట్టుకోండి,” అన్నాను. “కాకపోతే ముందు పరీక్ష చెయ్యాల.”