ఇదెవరికి?

గౌస్ బాషాతో కలిసి నేను నలభై ఏళ్లు చేపలు పట్టాను. మా ఊరి వాగు మడుగులో మొదలుపెట్టి అమరావతి దగ్గర కృష్ణ ఒడ్డు దాకా తిరిగాం. ఓసారి ప్యాసింజరెక్కి సింగరాయకొండలో దిగి సముద్రం దాకా కూడా పోయాం. అక్కడ వాడు విసిరిన గాలం నా చెవికే తగులుకుంది. "ఇవాళ్టికి ఇదేరా పెద్ద చేప" అని వాడు పడీపడీ నవ్వాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మీరు తిన్న చేపల కంటే అరిగిన చెప్పులే ఎక్కువని మా ఆవిడ పిచ్చమ్మ దెప్పేది.

వాడు ఊళ్లో టైలరు. నేను మిరప రైతుని, పేరు అంకమ్మరావు. చేపలు పంచుకోవడానికి మాకో పద్ధతుంది. నేను రెండు కుప్పలు పోస్తాను. వాడు వీపు తిప్పి కూర్చుంటాడు. నేను ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి?" అంటాను. "నీకు" అంటే నాకు, "నాకు" అంటే వాడికి. ఆ మాటకిక తిరుగులేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పేచీ రాలేదు.

నాలుగేళ్ల కిందట మిరపకి నల్ల తామరపురుగు పట్టింది. పూతంతా రాలిపోతుంటే చేతికందిన మందల్లా కొట్టాను. ఆ సాయంత్రం కరెంటు పోయి బోరు ఆగింది. మందు ట్యాంకు తీసుకెళ్లి మడుగులో కడిగేశాను. తెలియక కాదు. ఒళ్లంతా మంట, ఇంటికిపోయి నెత్తిన నాలుగు చెంబులు పోసుకోవాలని తొందర. అన్ని నీళ్లలో ఏమవుతుందిలే అనుకున్నాను. తెల్లారేసరికి కొర్రమట్టలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఆ నీళ్లు తాగి రెండు గేదెలు కూడా చచ్చాయి.

మడుగు పక్క చేను కౌలుకి చేసేది మాలిక్, గౌస్ మేనల్లుడు. పత్తి వేశాడు. ఊరంతా వాడి మీద పడింది.

"మా అక్క కొడుకు అట్టాంటి పని చెయ్యడు" అన్నాడు గౌస్ అందరి ముందూ. "ఒరేయ్ అంకమ్మరావూ, నీ చేనూ అటేగా. నువ్వేమన్నా చూశావంట్రా?"

"నాకేం తెలుసు?" అన్నాను.

మాలిక్ కౌలు పోయింది. పత్తి కాయ పగలకముందే చేను వదిలేసి, భార్య నాజియాని తీసుకుని మంగళగిరి పోయాడు. అక్కడ ఏదో ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు.

మడుగులోకి చేపలు తిరిగి రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. గౌసూ నేనూ మళ్లీ మొదలుపెట్టాం. మొదట్లో మామూలుగానే ఉన్నాడు, తర్వాత తర్వాత మాటలు తగ్గించాడు. వయసు మీద పడిందనుకున్నాను. నాకు హాయిగానే ఉండేది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. గండం గడిచిందనుకున్నాను.

మొన్న ఆదివారం మంచి కొర్రమట్టలు పడ్డాయి. కుప్పలు పోశాను. వాడు వీపు తిప్పాడు.

"ఇదెవరికి?"

"మాలిక్‌కి."

వేళాకోళమనుకుని నవ్వాను. రెండో కుప్ప మీద చెయ్యి పెట్టాను. "మరి ఇదో?"

"అదీ మాలిక్‌కే."

వెనక్కి తిరక్కుండానే ఎరల డబ్బాలోంచి ఏదో తీసి గట్టు మీద పెట్టాడు. నా మందు ట్యాంకు మూత. ఎక్కడా పడిపోకుండా పిచ్చమ్మ కట్టిన ఎర్ర చీరపేలిక ఇంకా దానికుంది.

"మడుగెండినప్పుడు బురదలో దొరికింది. రెండేళ్లయింది. నువ్వే చెప్తావని ఆదివారం ఆదివారం వచ్చాను" అన్నాడు.

గాలం అక్కడే వదిలేసి లేచాడు. నా మొహం చూడకుండా గట్టు దిగి వెళ్లిపోయాడు. రెండు కుప్పల మీదా ఈగలు ముసిరాయి.

వాడి మీద నాకు కోపంగానే ఉంది. దొరికిన రోజే నిలదీసి అడిగి చావొచ్చుగా! రెండేళ్లు పక్కన కూర్చుని నన్ను చూస్తూ ఉండటమేంటి?

అడిగితే మాత్రం నేనేం చెప్పేవాణ్ణి. మళ్లీ "నాకేం తెలుసు?" అనేవాణ్ణే.