ఎవరి వాక్యం వాళ్లే

మంజులమ్మ ఏ మాట మొదలుపెట్టినా ముగించేది ఆమె భర్త అశ్వత్థప్పే. పెళ్లైన నాటి నుంచీ అంతే. ఆమె "రేపు తోటకి..." అనగానే, "మందు కొట్టాల, అంతే కదా" అనేవాడు. భార్యకు నోట్లో మాట లేదని ఆయన గట్టి నమ్మకం.

అలాంటి మంజులమ్మ తమిళనాడు సరిహద్దులోని తమ వేప్పనపల్లి బడిలో సాయంత్రం తమిళం క్లాసుకు వెళ్లి కూర్చుంది. చెప్పేది హోసూరు అంగడివాళ్ల కోడలు నమిత. బేరానికి సరిపడా తమిళం ఇక్కడ అందరికీ వచ్చు. నాలుగు వాక్యాలు చెప్పమన్నా, రాయమన్నా నీళ్లు నములుతారు. అందుకే నమిత వ్యాకరణం పట్టుకుంది. జరిగింది ఎలా చెప్పాలి, జరుగుతున్నది ఎలా చెప్పాలి, కావలసింది ఎలా అడగాలి, అన్నీ ముందు నోటితో చెప్పించి తర్వాత రాయించేది. ఒకటే కట్టుబాటు.

"ఎవరి వాక్యం వాళ్లే ముగించాల. పక్కనోళ్లు మాట అందించకూడదు."

"ఈ వయసులో వ్యాకరణం యాలమే నీకు? మామిడిచెట్లు అడిగినాయా?" అని అశ్వత్థప్ప నవ్వాడు.

ఆ సంవత్సరం, ఏనుగులు మామిడితోటల్లోకి రాకుండా తవ్విన కందకం వానలకు పూడిపోయింది. కాయ పక్వానికి వచ్చేలోపు మళ్లీ తవ్వించకపోతే తోట దక్కదు. కృష్ణగిరిలో రైతుల సమావేశానికి ఇద్దరూ వెళ్లారు. అశ్వత్థప్ప తమిళంలోనే మొదలుపెట్టాడు. కోపం రాగానే తెలుగులోకి జారి, అక్కడి నుంచి కన్నడంలోకి దూకాడు. మా వైపు అందరి కోపమూ అంతే. కొత్తగా వచ్చిన అధికారికి ఊరి పేరు తప్ప ఏమీ అర్థం కాలేదు.

మంజులమ్మ లేచింది. కందకం ఎలా పూడిందో, ఏనుగులు ఎటునుంచి దిగాయో, ఇప్పుడు ఏం కావాలో తమిళంలో వరసగా చెప్పుకొచ్చింది. ఒకచోట ఆగిపోయింది. అలవాటుగా అశ్వత్థప్ప నోరు తెరిచాడు. అందించడానికి ఆయన దగ్గర మాట లేదు. ఆమె ఊపిరి పీల్చుకుని, తడుముకుని, వాక్యం ముగించింది. తాను రాసిన అర్జీ ముందు పెట్టింది.

అధికారి చదివి, "సోమవారం వచ్చి చూస్తామమ్మా" అన్నాడు.

అశ్వత్థప్ప భార్య వైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్లూ తన పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషేనా ఈమె? ఇన్ని మాటలు ఎక్కడ దాచుకుంది?

తిరుగు బస్సులో ఆమె, "ఇంటికి పోయినాక..." అని ఎప్పటిలాగే ఆగింది.

ఆయన పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"చెప్పు మే, వింటా ఉండాను."

"ఇంటికి పోయినాక సంగటి నువ్వు కెలుకు. నాకు క్లాసుకి పొద్దుపోతాది."