కెజియా జారవిడిచినవి

ఆరేళ్ల కిందట మా కెజియా చేతిలోంచి జారిన పాలగ్లాసు ఈ ఉదయం ఎనిమిదింటికి వంటింటి నేలను తాకుతుంది. పాలు ఇంకా వేడిగానే ఉన్నాయి. గుడ్డ తెచ్చి తుడుస్తాను.

"ఏం పడింది?" ముందుగదిలోంచి మా ఆయన జయరావు అడుగుతాడు.

"గ్లాసు. పిల్లది."

"ఇప్పుడా పడ్డం!" అంటూ వచ్చి, సొట్ట పడలేదని చూసుకుని వెళ్లిపోతాడు.

కెజియా మా ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదో ఏట దాని చేతుల్లోంచి వస్తువులు జారడం మొదలైంది. పరధ్యానం అనుకున్నాను. ఏడాదికి గానీ డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పలేదు. ఆ పేరు పలకడం నాకు రావడానికి నెల పట్టింది. ముందు వేళ్లు పోయాయి, తర్వాత కాళ్లు, తర్వాత మింగడం. పదమూడో ఏట పిల్లే పోయింది.

గ్లాసు వెనకాల పెన్సిలు పడుతుంది. తర్వాత ఇడ్లీప్లేటు. అన్నీ అప్పటి వరసలోనే వస్తున్నాయి. నేలమీద బొంత పరుస్తాను. అప్పుడు పరవలేదు.

టిఫిను డబ్బా పడగానే నాకు భయం వేస్తుంది. దాని తర్వాత పడాల్సింది వస్తువు కాదు. ఆ రోజు డబ్బా పడి సాంబారన్నం ఒలికినప్పుడు నేనన్న మాట: "చేతులు పడిపోయాయా నీకు?"

మా వీధిలో తల్లులందరూ అనేదే. అని మర్చిపోయాను. పిల్ల మర్చిపోలేదు. కుడిచెయ్యి లేవడం మానేసిన రోజు, "నువ్వన్నావని ఇలా అయిందా అమ్మా?" అని అడిగింది. "ఛ, పిచ్చిదానా" అంటూ రాగిజావ కలుపుతూ ఉండిపోయాను. స్టవ్ ఆపి దాని పక్కన కూర్చోవాల్సింది. జావ అడుగంటుతుందని చూసుకున్నాను.

ఇప్పుడు ఆ మాట ఫ్యాను పక్కనుంచి మెల్లగా దిగుతోంది. దుప్పటంత ఉంది. సరిగ్గా దాని కింద, స్కూలు గౌనులో, తొమ్మిదేళ్ల కెజియా తలెత్తి నిలబడి ఉంది.

"పక్కకు జరుగు తల్లీ."

"నాకే కదమ్మా వస్తోంది."

"నీకు కాదు. నేనే నోరు జారాను."

అది నా చేతులకేసి చూస్తుంది. "నీకూ జారుతాయా?"

"జారుతాయి."

"మరి నిన్నెవరు తిట్టారు?"

ఎవరూ తిట్టలేదని చెబుతాను. అది తల ఊపుతుంది.

స్టూలెక్కి ఆ మాటను రెండు చేతులా అందుకుంటాను. తడిబట్టలా బరువుగా ఉంది. నోటి వేడి ఇంకా పోలేదు. జయరావు వచ్చి రెండో అంచు పట్టుకుంటాడు.

"మీకెందుకండీ ఇది?"

"ఆ రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాగా. విని ఊరుకున్నాను."

ఇద్దరం కలిసి నాలుగు మడతలు పెడతాం. బీరువాలో పట్టదు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు.

కెజియా నా ముందు బాసింపట్టు వేసుకుని, జడ విప్పమంటుంది. విప్పుతాను. జుట్టు గడప దాటి, మెట్లు దిగి, వీధిలోకి పారుతుంది. ఎదురింటావిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాటుతోంది. స్కూలుబస్సు వచ్చి, జుట్టు తగ్గేదాకా ఆగి ఉంది. నేను కుదుళ్ల దగ్గర మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెడతాను. కొస అప్పటికే సముద్రంలో ఉంది. అక్కడ చేపలు కొరకడం నా వేళ్లకు తెలుస్తోంది.